చారల గుడ్డ

కాన్వాసు కొనే డబ్బుల్లేని రోజుల్లో
నాయన అంగట్లో మిగిలిన పరుపుగుడ్డ మీద
మొదటి బొమ్మ వేశాను.
నీలం చార, తెల్ల చార.
ఎన్ని పూతలు పూసినా ఆరేసరికి
చారలు పైకి తేలేవి,
నిద్రలో మాట్లాడే మనిషి గొంతులా.
తర్వాత డబ్బులొచ్చినా గుడ్డ మార్చలేదు.

నెల్లూరు సంతపేటలో మా అంగడి.
గోడకు దూదేకే విల్లు,
దాని పక్కన నూగు పట్టిన క్యాలెండరు:
పైన మక్కా బొమ్మ, కింద రాహుకాలం.

నాయన దస్తగిరయ్య. నేను పీరమ్మని.
బళ్ళో చేర్చుకున్న అయ్యవారి చెవిలో
నా పేరు రెండు ముక్కలయింది.
పి. రమ అని రాసుకున్నాడు.
పదో తరగతి సర్టిఫికెట్లో రమ.
కోటమిట్ట మేనత్త పిలుపులో పీరాన్‌బీ.
బొమ్మ కింద సంతకం పెట్టే మూల మాత్రం
చాన్నాళ్ళు ఖాళీ.

పెళ్ళిళ్ళలో మేనత్త తరపు ఆడవాళ్ళు
ఉర్దూలో ఏదో అనుకుని నవ్వుతారు.
నేనూ నవ్వుతాను, ఒక్క రవ్వ ఆలస్యంగా.
ఆ రవ్వ చాలు, పట్టేస్తారు.
గది అద్దెకు అడగబోతే ఇంటావిడ
"ఎంత చక్కంగా మాట్లాడతావమ్మే తెలుగు!" అంది.
గది మాత్రం ఇవ్వలేదు.
మా జేజిని వినలేదు ఆమె.
జొరమొచ్చిన నా నెత్తిన చెయ్యి పెట్టి
"అల్లా సామీ, ఈ ముండకు నయం చెయ్యి,
నీకు చక్కెర పంచిపెడతా" అని
దేవుడితో బేరమాడిన తెలుగు అది.

టౌన్‌హాల్లో బొమ్మలు పెట్టే ముందురోజు
కుర్రాడొకడు చీటీలు పట్టుకుని వచ్చాడు.
"అక్కా, దీనికి పేరు?"
తెల్లారుజాము మూడున్నర, మా సందు.
సహరీకి అమ్మ ముట్టించిన పొయ్యి వెలుగు
ఎదురింటి గడప దాకా పాకుతుంది.
ఎదురింటి తలుపు మూసే ఉంది, అంత పొద్దున ఎవరు తీస్తారు.
ఆకాశంలో చంద్రుడికి బదులు నాయన విల్లు.
"మా వీధి" అని రాయించాను.
వాడు రెండడుగులు వెయ్యగానే పిలిచి
"మన వీధి" అన్నాను.
మళ్ళీ పిలిచాను.
"ఏదో ఒకటి తేల్చక్కా, ప్రింటు ఇరవై రూపాయలు."

ఉర్దూలో హమ్ అంటే సరిపోతుందంట,
లోపల ఎవరెవరున్నారో విప్పి చెప్పే పన్లేదు.
తెలుగు అట్టా వదలదు.
నోరు తెరిచినప్పుడల్లా అడుగుతుంది:
ఎదుటి మనిషి నీతో ఉన్నట్టా,
గుమ్మం అవతల నిలబడి వింటున్నట్టా?
గుమ్మం అవతల నిలబడి విన్నదాన్ని.
మేం అనడం నాకూ బాగా వచ్చు.

చీటీ లేకుండానే తగిలించారు.
కళ్ళద్దాల పెద్దమనిషి వచ్చి "రాముడి విల్లా?" అన్నాడు.
బురఖా అమ్మాయి ఫోన్లో ఫోటో తీసుకుంటూ
"నెలవంక ఎంత బాగుందో" అంది.
ఇద్దరికీ అవునన్నాను.
అబద్ధం కాదు, నిజమూ కాదు,
అట్టా కనపడాలనే కదా అంత ఒంపు తిప్పాను.

సాయంత్రం అంగడి కట్టేసి నాయనొచ్చాడు.
కనుబొమ్మల్లో ఇంకా దూది.
అన్ని బొమ్మలూ దాటుకుని దీని ముందు ఆగాడు.
చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.
"మన విల్లు అంత వంగదు మే," అన్నాడు,
"నిటారు దుంగ. ఒక కొసన పలక ఉంటాది.
నరం బిగించి లాగేది ఆ పలక మీదుగా.
నలభై ఏళ్ళు చూస్తా ఉండావు."

రాత్రి బొమ్మ ఇంటికి తెచ్చి
గోడమీది విల్లు దించి పక్కన ఆనించాను.
ముందు పలక గీశాను. తర్వాత దుంగ.
పాత ఒంపు మీద తెలుపు మూడుసార్లు పూశాను.
ఆరాక తేలుతుంది, తెలుసు.